నెత్తి మీద శ్లాబు, బిల్లులో శ్లాబు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు. అది గుమ్మం దాటిందో లేదో, ఏసీ సర్వీసింగ్ కుర్రాడికి ఫోన్లు మొదలవుతాయి. అతను ఉగాది దాటినా దొరకడు. ఈలోగా పెళ్ళి భోజనాల దగ్గర, బ్యాంకు క్యూలో, పొద్దున్నే పార్కులో, నలుగురు కలిసిన ప్రతిచోటా ఒకటే మాట: "ఏసీ లేకుండా ఇక బతకలేమండీ. మన చిన్నప్పటి ఎండలా ఇవి?" అందరూ తలూపుతారు. ఊపనివాడు పిసినారి కింద లెక్క, లేదంటే ఉట్టి పాతకాలం మనిషి.

నేను ఊపను. ఎండలు పెరగలేదని కాదు. 2015 మే నెల వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు రెండు వేల మంది పోయారు. ఆ తర్వాత ఎండ గురించి తేలిగ్గా మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం బస్సు కోసం నిలబడ్డవాడికి వాతావరణ శాఖ బులెటిన్ అక్కర్లేదు. నా తగువు ఎండతో కాదు. "ఎండలు పెరిగాయి, అందుకని ఏసీ తప్ప దారి లేదు" అంటారు చూడండి, మధ్యలో ఉన్న ఆ "అందుకని"తో నా తగువు.

మాది విజయవాడలో నాలుగంతస్తుల గ్రూప్ హౌస్. మేముండేది పైన. మూడేళ్ళ కిందట మే నెలలో ఒక రాత్రి నిద్ర పట్టక, లెక్క తేల్చుకుందామని గోడకి తగిలించే థర్మామీటర్లు రెండు తెచ్చాను. ఒకటి బాల్కనీలో, ఒకటి పడగ్గదిలో. రాత్రి పదకొండింటికి చూస్తే బాల్కనీలో 31, పడగ్గదిలో 36. స్టూలెక్కి అరచెయ్యి సీలింగుకి ఆనించాను. స్టవ్ కట్టేసిన కాసేపటికి ఇడ్లీ పాత్ర మూత ఎలా ఉంటుందో అలా ఉంది. కాలలేదు గానీ, చెయ్యి తీసేయాలనిపించింది. అప్పటికి పొద్దుగూకి నాలుగు గంటలు దాటింది. కృష్ణ మీంచి గాలి కూడా తిరిగింది. ఆ వేళకి మే నెల నాకిచ్చింది 31 డిగ్రీలే. మిగతా అయిదూ మా ఇంటివి.

ఏసీ తప్పదనేవాళ్ళు ఈ అయిదు డిగ్రీల్ని ఎప్పుడూ ఎండ ఖాతాలో రాస్తారు. తప్పు అక్కడే ఉంది.

మే మొదటి పక్షంలో సూర్యుడు మన నెత్తిన నిట్టనిలువుగా నిలబడతాడు. ముందు బెజవాడకి, మూడు నాలుగు రోజుల తేడాలో హైదరాబాద్‌కి ఒక రోజు వస్తుంది. ఆ మిట్టమధ్యాహ్నం కరెంటు స్తంభానికి కూడా నీడ ఉండదు. అంటే ఆ వేళ ఎండ పడేది గోడల మీద కాదు, డాబా మీద. చదరపు మీటరుకి ఇంచుమించు 1,000 వాట్లు. ఇంట్లో వాడే ఇస్త్రీ పెట్టె తాగే కరెంటు దాదాపు అంతే. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే 93 చదరపు మీటర్లు. మీటరుకొకటి చొప్పున 93 ఇస్త్రీ పెట్టెలు బోర్లించి స్విచ్ వేశారనుకోండి, అదీ మన ఇంటి కప్పు మధ్యాహ్నం పన్నెండింటికి. నాచు పట్టి, నల్లబడి, పైన ఏమీ కప్పని అయిదంగుళాల శ్లాబు అందులో చాలా భాగాన్ని తాగేస్తుంది. తాగిందాన్ని అప్పుడే కక్కదు కూడా. మనం ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, కంచం ముందు కూర్చునేసరికి మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా కిందికి దింపుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడిగాలినే తెచ్చి మొహాన కొడుతుంది. "ఫ్యాను గాలి కూడా వేడిగా వస్తోందండీ, ఇక ఏసీ తప్పదు" అంటారు. పాపం, ఫ్యానేం చేస్తుంది!

డాబా తర్వాతి దోషి పడమటి గోడ. మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగూకే దాకా ఎండ దాని మీద ఏటవాలుగా మొదలై, పోనుపోను తిన్నగా పడుతుంది. దీన్ని సజ్జ ఆపలేదు. సూర్యుడు అంత కిందికి దిగాక ఏ సజ్జకైనా నీడ చాలదు. ఇక్కడ వాస్తు గురించి ఒక మాట అనకుండా ఉండలేను. యజమాని పడగ్గది నైరుతిలో ఉండాలంటారు. అలాగే ఉంటోంది. మూరెడు మందం గోడలున్న రోజుల్లో, పడమట దొడ్లో చింతచెట్టో వేపచెట్టో ఉన్న రోజుల్లో ఆ గదికి ఏ బాధా లేదు. ఇప్పుడు చెట్టు లేదు, గోడ తొమ్మిదంగుళాలు కూడా లేదు. కాగిన పడమటి గోడకి తలగడ ఆనించి, కాగిన శ్లాబు కింద పడుకుంటున్నాడు యజమాని. ఇంటికి మొదటి ఏసీ ఎప్పుడూ ఆ గదికే ఎందుకు వస్తుందో ఎవరైనా ఆలోచించారా?

ఇక్కడికి వచ్చేసరికి ఎదుటివాళ్ళు ఒక చిరునవ్వు నవ్వుతారు. "అయితే పెంకుటింట్లోకి పొమ్మంటారా? తాటాకు కప్పమంటారా?" అని. పొమ్మనడం లేదు. కృష్ణా, గుంటూరు పల్లెల్లో పుట్టినవాళ్ళకి తాటాకిల్లంటే చల్లదనం ఒక్కటే గుర్తు రాదు. వేసవిలో ఒక పాక అంటుకుంటే వరస మొత్తం తగలబడటం కూడా గుర్తొస్తుంది. డాబా ఇల్లు మనవాళ్ళు మోజుతో కట్టుకోలేదు, భయంతో కట్టుకున్నారు. సబబే. కానీ రాయలసీమ మట్టిమిద్దె మాత్రం డాబా కాదా? రాతిగోడలు, పైన దూలాలు, దాని మీద జానెడు చౌడుమట్టి, మధ్యలో వేడిగాలి పైకి పోవడానికి గవాక్షి. చౌడుమట్టి వాన నీళ్ళని దిగనివ్వదు, ఎండనీ దిగనివ్వదు. గోదావరి మండువా లోగిలి చేసేదీ ఇదే, పద్ధతి వేరు. నాలుగు వైపులా వసారాలు ఎండని గోడ దాకా రానివ్వవు, మధ్య జాగా రాత్రి వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. వీటిని "పెద్దల తెలివి" అని మ్యూజియంలో పెట్టి దండలెయ్యనక్కర్లేదు. ఎండని కప్పు దగ్గరే ఆపాలి, రాత్రి గాలిని లోపలికి పంపాలి. పని అంతే. మట్టితో చేస్తారా, మరోదాంతో చేస్తారా అన్నది మీ ఇష్టం. మనం సిమెంటుకి మారినప్పుడు మట్టిని వదిలేశాం, సరే. దానితోపాటు ఈ పనినే వదిలేశాం.

వదిలేసిన పనిని యంత్రానికి అప్పజెప్పాం. అదేం చేస్తుందో చూడండి. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి గంటకి అయిదు యూనిట్ల పైచిలుకు వేడిని తోడి బయట పోస్తుంది. తోడటానికి అది తాగే యూనిట్టో, యూనిట్టున్నరో కరెంటు కూడా వేడిగా మారి, గోడ బయట తగిలించిన పెట్టెలోంచే వస్తుంది. చల్లదనం అక్కడ తయారవదు, వేడి బదిలీ అవుతుంది. ఎక్కడికి? రెండు అపార్టుమెంట్ల మధ్య మనిషి అడ్డంగా నడవలేని సందులోకి. మా ఎదురు వాళ్ళ పెట్టె మా వంటింటి కిటికీలోకి ఊదుతుంది, మా కింది వాళ్ళది వాళ్ళ పక్కవాళ్ళ బాల్కనీలోకి. కిటికీలు మూసుకున్నవాడు ఇంకో ఏసీ కొంటాడు. ఇటు పైనుంచి శ్లాబు వేడి పోస్తూనే ఉంటుంది, అటు ఏసీ తోడుతూనే ఉంటుంది. పడవకి చిల్లు పడితే చిల్లు సంగతి వదిలేసి పెద్ద బకెట్టు కొన్నట్టు, ఒక టన్ను చాలలేదని ఒకటిన్నర, అదీ చాలలేదని రెండు. నెల తిరిగేసరికి కరెంటు బిల్లు పై శ్లాబులోకి ఎక్కుతుంది. నెత్తి మీద శ్లాబుని పట్టించుకోనివాడు బిల్లులో శ్లాబుకి కప్పం కట్టక తప్పదు.

"డబ్బు సంగతి వదిలెయ్యండి, సుఖం కావాలి కదా" అంటారు. ఆ సుఖం ఎన్ని డిగ్రీలో తెలుసా? మాధవి ఇంద్రగంటి అనే పరిశోధకురాలు 2008 వేసవిలో హైదరాబాద్ అపార్టుమెంట్లలో కొలతలు తీసుకుంటూ, అక్కడ కాపురం ఉంటున్నవాళ్ళని ఎలా ఉందో అడిగి రాసుకున్నారు. మామూలు ఇళ్ళలో ఉండే ఆ జనానికి హాయిగా అనిపించిన వేడి సుమారు 29 డిగ్రీలు. 26 నుంచి 32 దాటేదాకా వాళ్ళు సర్దుకుపోగలిగారు. అప్పటి భారతీయ ప్రమాణాలు వేసవికి చెప్పిన అంకెలు 23 నుంచి 26. అంటే పుస్తకంలో రాసిన సుఖం వేరు, మన ఒంటికి తెలిసిన సుఖం వేరు. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న ఏసీలన్నీ స్విచ్ వేయగానే 24 దగ్గర మొదలవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది. మా బావగారింట్లో ఆ 24 రెండు క్షణాలుంటుంది. తర్వాత 18. ఆ తర్వాత బీరువాలోంచి రజాయి. మే నెలలో రజాయి కప్పుకుని, "బయటికెళ్తే తట్టుకోలేకపోతున్నాను బావా" అంటాడు. ఒంటికి ఎండ అలవాటు తప్పించిందెవరు?

నేనేం చేశానో చెప్తాను. మేస్త్రిని పిలిచి డాబాకి సున్నం వేద్దామన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"సున్నం ఎవరేస్తున్నారండీ ఇప్పుడు? టైల్స్ వేయించండి. లేదా ఆ గదిలో కూడా ఏసీ పెట్టించెయ్యండి."

"మీ ఇంటికేం చేశారు మేస్త్రిగారూ?"

"మాది రేకులిల్లండీ. వేసవికి పైన గడ్డి కప్పుతాం. లేకపోతే పిల్లలుండలేరు."

చూశారా! విషయం ఆయనకి తెలుసు. నాకు చెప్పడానికి మొహమాటపడ్డాడంతే. అపార్టుమెంటు వాళ్ళకి గడ్డి సలహా ఇస్తే బాగుండదని.

ముందు డాబాని గట్టి బ్రష్షుతో నాచు పోయేలా కడిగాం. రాతి సున్నం రాత్రంతా నానబెట్టి, గోనె గుడ్డలో వడగట్టి, కాస్త ఫెవికాల్ కలిపి, ఒక కోటు అడ్డంగా, అది ఆరాక ఇంకోటి నిలువుగా. కూలీతో సహా అయిన ఖర్చు ఏసీ ఖరీదులో పదో వంతు లేదు. కొత్త తెలుపు తన మీద పడ్డ ఎండలో ముప్పాతిక దాకా వెనక్కి తిప్పి కొడుతుంది. మూడో రోజు మధ్యాహ్నం మూడింటికి చెప్పుల్లేకుండా డాబా ఎక్కాను. మాది దాటి, మెట్ల గది పక్కన సున్నం వెయ్యని జాగాలో కాలు పెట్టి ఎగిరి గంతేశాను. ఆ రాత్రి పడగ్గదిలో 33. ఇంకా వేడే, కాదనను. కానీ దోమతెర కట్టి, బాల్కనీ తలుపు తీసి, ఫ్యాను వేసుకుంటే నిద్ర పట్టే వేడి.

ఇది నా ఒక్కడి అదృష్టం కాదు. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ళ కప్పుల మీద ఎండని తిప్పికొట్టే తెల్లటి పొర పరిచి చూశారు. ట్రిపుల్ ఐటీ నిపుణులు కొలిస్తే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లటి కప్పుల విధానమే తెచ్చింది. మెచ్చుకోవాల్సిందే. అయితే అందులో ఒక తిరకాసుంది. ఇళ్ళ విషయంలో నిబంధన 600 గజాలూ ఆ పైన ఉన్న స్థలాలకే తప్పనిసరి. అంతకన్నా చిన్నవాళ్ళు ఇష్టమైతే వేసుకోవచ్చు. 600 గజాల ఆసామికి నాలుగు ఏసీలుంటాయి, చెట్లుంటాయి. ఎండ తినేది 60 గజాల వాడు. తప్పనిసరి చెయ్యడం కుదరకపోతే పోనీ, వాడికి రెండు బస్తాల సున్నమైనా ఊరికే ఇవ్వొచ్చుగా.

ఇప్పుడు కిటికీల దగ్గరికొద్దాం. నిజం చెప్పాలంటే మన ఊళ్ళలో రాత్రి ఏసీ వేసేది చాలామంది ఎండకి కాదు, దోమలకి. కిటికీ తీస్తే దోమలు, మూస్తే ఉక్క. ఆ ఉక్కకి ఏసీ. ఈ సంగతి ఎవరూ ఒప్పుకోరు, ఎందుకంటే దోమకి మందు వంద రూపాయల మెష్ గుడ్డ, నలభై వేల యంత్రం కాదు. ఇక కిటికీ అనే వస్తువునే మార్చేశారు. పాత చెక్క కిటికీ పైరెక్కలు, కిందిరెక్కలు వేరువేరుగా పూర్తిగా తెరుచుకునేవి. పైన వెంటిలేటరు ఉండేది, పైకి లేచిన వేడిగాలి అందులోంచి పోయేది. ఇప్పటి అల్యూమినియం స్లైడింగ్ కిటికీకి ఎంత డబ్బు పెట్టినా సగమే తెరుచుకుంటుంది. రెండో సగం ఎప్పుడూ మొదటి సగం వెనకే నిలబడి ఉంటుంది. వెంటిలేటర్లు ఏసీ గాలి పోతుందని ఎత్తేశారు, ఎక్కడైనా మిగిలితే ఫాల్స్ సీలింగ్ కింద కప్పెట్టారు. ఎలివేషన్ బాగుంటుందని పడమట గాజు. ఇలాంటి ఇంట్లో ఒక రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ పేలితే ఏమవుతుందో మే నెలలో ఏ కాలనీకి వెళ్ళినా కనపడుతుంది. అందరూ రోడ్డు మీద, విసనకర్రలతో.

అదీగాక మనం కిటికీలు తలకిందులుగా వాడుతున్నాం. బయట 42 ఉన్నప్పుడు "కాస్త గాలి రానీ" అని తెరుస్తాం, బయట 30కి దిగాక దొంగల భయంతో మూస్తాం. మా అమ్మ పది గంటలకల్లా తలుపులు, కిటికీలు మూసి, తెరలు దించి, ఇల్లంతా చీకటి చేసేది. పిల్లలం విసుక్కునేవాళ్ళం. పొద్దుగూకాక మళ్ళీ అన్నీ బార్లా తీసేది. కిటికీ బయట వెదురు తెర ఒకటి వేలాడదీస్తే లోపల ఎన్ని కర్టెన్లు వేసినా రాని నీడ వస్తుంది. కర్టెన్ దాకా వచ్చిన ఎండ అప్పటికే ఇంట్లోకి వచ్చేసినట్టు.

నీళ్ళ సంగతి. లీటరు నీరు ఆవిరవుతూ దాదాపు మూడింట రెండొంతుల యూనిట్ వేడిని పట్టుకుపోతుంది. ఆ లెక్కన పొద్దువాలాక డాబా మీద చల్లిన ఒక బకెట్టు నీళ్ళు, ఒకటిన్నర టన్నుల ఏసీ రెండు గంటలు తోడేంత వేడిని తీసుకెళ్తాయి. అదంతా మీ గదిలోంచే పోదు, కొంత బయటి గాలిలోంచి పోతుంది. అయినా బకెట్టుకి కరెంటు బిల్లు లేదు కదా. నడిమధ్యాహ్నం డాబాకి పైపు పెట్టి వదిలేసేవాళ్ళుంటారు, అది మాత్రం నీళ్ళ దండగ. వట్టివేళ్ళ తడకలున్న కూలరు పడమటి గాలి వీచే ఎండు ఎండలకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం వాళ్ళు ఏసీ షాపు ముందు నిలబడే ముందు ఇది గుర్తుచేసుకోవాలి. విశాఖలో, కాకినాడలో, బందరులో అదే కూలరు తడిబట్ట మొహాన కప్పినట్టుంటుంది. అక్కడి గాలికి ఇంకా నీళ్ళు మోసే ఓపిక లేదు. అక్కడ కావలసింది ఎదురెదురు కిటికీలు, మీద పారే గాలి. ఊరికో మందు ఉంటుంది. అన్ని ఊళ్ళకీ ఒకటే మందని అమ్మేవాడు షాపువాడే.

నా పక్షాన వాదించేవాళ్ళ మీద కూడా నాకు కోపముంది. ఫ్యాను ముందు ఐసుగిన్నె పెట్టమంటారు. ఆ ఐసు చెయ్యడానికి మీ ఫ్రిజ్ అంతకన్నా ఎక్కువ వేడిని మీ వంటింట్లోనే వదిలింది. కుండీలో మనీప్లాంటు గదిని చల్లబరుస్తుందంటారు. అది కంటికి చల్లన, అంతవరకే. ఇలాంటివి చెప్పి నవ్వులపాలైనందుకే పనికొచ్చే మాటలు కూడా జనం వినడం లేదు.

ఏసీ అసలొద్దని నేననను. బాలింత, గుండె జబ్బు మనిషి, ఎనభై దాటిన పెద్దావిడ ఉన్న ఇంట్లో, బయట 45 ఉన్న రోజున చల్లటి గది ప్రాణం నిలబెడుతుంది. గదిలోనే 40 దాటితే ఫ్యాను వేడిగాలిని ఒంటికి కొట్టడం తప్ప చేసేదేం లేదు, తడిబట్టతో ఒళ్ళు తుడవాలి. అలాంటి ఇంటికి ఏసీ పెట్టండి. కప్పుకి సున్నం వేసి, పడమట నీడ చేసి, ఆ తర్వాత పెట్టండి. చిన్నది చాలుతుంది.

నాకు ఒళ్ళు మండేది మరోచోట. 2019లో కేంద్రం వేసిన కూలింగ్ యాక్షన్ ప్లాన్ లెక్కలో దేశం మొత్తం మీద ఏసీ ఉన్న ఇళ్ళు 8 శాతం. అప్పటినుంచి ఎంత పెరిగినా లేనివాళ్ళే ఎక్కువ. "ఏసీ లేకుండా బతకలేం" అని మనం తలూపినప్పుడల్లా ఆ మిగతావాళ్ళ గురించి ఏమంటున్నట్టు? బతకడం లేదనా? మా మేస్త్రి ఉంటున్నాడు, రేకుల మీద గడ్డి కప్పుకుని. దారి ఒక్కటే, అది నలభై వేలు అని తేల్చేశాక ప్రభుత్వం కట్టించిన సెంటు స్థలం ఇంటి శ్లాబు గురించి ఎవరడుగుతారు? ఆ కాలనీలో చెట్టు ఎందుకు లేదని ఎవరడుగుతారు? అడగాల్సినవాళ్ళు కిటికీలు మూసుకుని లోపలున్నారు.

కిందటి మార్చిలో మళ్ళీ సున్నం వెయ్యాల్సి వచ్చింది. వానలకి, దుమ్ముకి ఏడాదిలో తెలుపు పోతుంది, ఏటా పని తప్పదు. ఈసారి డాబా మొత్తం వేద్దామని అసోసియేషన్ మీటింగులో పెట్టాను. రెండో అంతస్తు ఆయన, "డాబా కింద ఉండేది మీరు. మాకేం లాభమండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మీ ఏసీ వేడి పైకొచ్చి మా కిటికీలో దూరుతుంది కదా, దాని లెక్క కూడా తేల్చుకుందామా అన్నాను. మీటింగ్ అక్కడితో లిఫ్ట్ మరమ్మతు మీదికి మళ్ళింది. బస్తాల డబ్బులు నేనే పెట్టుకున్నాను. బకెట్లు మాత్రం ఆయన దగ్గరే అడిగి తెచ్చుకున్నాను.